గడప దగ్గర తెగని బేరం

మాది ఆళ్లగడ్డలో పాత్రల అంగడి. అక్కా నేనూ పలక పట్టకముందే తక్కెడ పట్టినవాళ్ళం. నాయన మాకు నేర్పిన చదువంతా రెండు ముక్కలు. కొనేటప్పుడు: "ధర నచ్చకుంటే లెయ్యి. చెప్పులు నిదానంగా తొడుక్కో. వాళ్ళే పిలుస్తారు." అమ్మేటప్పుడు: "చెప్పులు నిదానంగా తొడుక్కుంటాండారంటే కొనేవాళ్ళే. గడప దాటేలోపు పిలువు." ఈ రెండు ముక్కలతోనే నేను పెళ్ళిచీర మొదలుకొని పెళ్ళికొడుకు వరకూ బేరమాడాను. పెళ్ళికొడుకు దగ్గర మాత్రం కాస్త తొందరపడి పిలిచినట్టున్నానని మా ఇంటాయన ముందే అంటుంటాను.

ఈ చదువు నంద్యాలలో అక్కరకు రాలేదు.

అక్కకు సుగర్ వచ్చి చాలా ఏళ్ళయింది. అది మెల్లమెల్లగా కిడ్నీలను తినేసింది. ఇప్పుడు రోజు మార్చి రోజు నంద్యాల బస్సెక్కి డయాలసిస్‌కు పోతుంది. తాగే నీళ్ళకు కూడా కొలత. మా అంగట్లోంచే ఒక ఉగ్గుగిన్నె తీసుకుంది, పసిపిల్లలకు మందు పట్టేది. దాంతో ఒక్కో గుక్కా కొలుచుకుని తాగుతుంది. బిందెల మధ్య పుట్టి పెరిగిన మనిషి ఉగ్గుగిన్నెతో దాహం తీర్చుకోవడం చూసినప్పటి నుంచి, తన ముందు చెంబెత్తి తాగడం మానేశాను.

ఎవరిదైనా కిడ్నీ పెడితే ఈ బాధ తప్పుతుందన్నారు. బావది వేరే రక్తం గ్రూపు. పిల్లలది తీసుకోనని అక్క మొండిపట్టు. నాది కలిసింది. ఇంక ఆలోచించేదేముంది? రెండున్నాయి, ఒకటిస్తాను అన్నాను.

"ఊరికే ఇస్తావా మే నువ్వు?" అంది అక్క.

"ఊరికే యాడిస్తా? అమ్మ మెడలోని బంగారు గుండ్లపేరు నాకియ్యి."

"అమ్మయ్య. అడక్కపోయింటే నువ్వు మా చెల్లెలేనా అని అనుమానమొచ్చేది."

ఆ రోజు సిరివెళ్ల దాటేదాకా బస్సులో నవ్వుతూనే ఉన్నాం. "ఒకటి తీసేస్తే నీ బరువన్నా తగ్గుతుందేమోలే" అని కూడా అంది.

బరువు సంగతి అబద్ధం కాదు. గల్లాపెట్టె ముందు కూర్చుని పెంచిన పొట్ట నాది. చీరకు కుచ్చిళ్ళు నాలుగు మించి రావు; మిగతా గుడ్డంతా చుట్టుకొలతకే పోతుంది. అక్క చూస్తే వెదురుబద్ద. సుగర్ వచ్చింది వెదురుబద్దకు, రానిది నాకు. దేవుడి లెక్క దేవుడిది అనుకుని గర్వపడ్డాను.

నంద్యాల కిడ్నీ డాక్టరు అంత తొందరగా నమ్మలేదు. పరగడుపు సుగర్ బాగుంది. గ్లూకోజు తాగించి తీసిన రక్తం మాత్రం సుగర్ అంచుమీద ఉందన్నాడు. "మీ నాయనకు సుగర్, మీ అక్కకు సుగర్. పెద్దాసుపత్రికి పంపేముందు ఇంకో పరీక్ష చేయిద్దాం. ఇది అందరికీ రాసేది కాదు" అన్నాడు.

"ఏం పరీక్ష సార్?"

"కొవ్వు ఊరికే పేరుకుని పడుండేది కాదమ్మా. అదీ రక్తంలోకి హార్మోన్లు వదులుతుంది. అడిపోనెక్టిన్ అని ఒకటుంది, అది ఇన్సులిన్‌కు సాయం చేస్తుంది. చాలామందిలో సుగర్ బయటపడకముందే అది తగ్గిపోతుంది. లెప్టిన్ అని ఇంకోటి, కడుపు నిండిందని చెప్పేది, పెరిగిపోతుంది."

నాకు ప్రాణం లేచివచ్చింది. "కొవ్వులోంచే వచ్చేదైతే ఆ మంచిది నా దగ్గర దండిగా ఉంటాది సార్. గోడౌనే ఉంది."

ఆయన నవ్వాడు. "అక్కడే ఉంది తిరకాసు. కొవ్వు పెరిగేకొద్దీ అది తగ్గుతుంది. అందులోనూ పొట్టలో పెరిగితే."

సరుకు పెరిగేకొద్దీ రాబడి తగ్గే వ్యాపారం మా వంశంలో ఎవరూ చేయలేదు. నేనొక్కదాన్నే చేస్తున్నాను, అదీ నా చర్మం కింద.

రక్తం తీసి హైదరాబాదుకు పంపారు. మరుసటి రోజు నుంచి అన్నం మానేశాను. గుప్పెడు కొర్రన్నం, మజ్జిగ. అంగడి తెరవకముందే వీధి వీధంతా నడిచేదాన్ని. ఎదురంగడి ఆయన అరుగుమీద నుంచి కేక వేశాడు: "ఏందమ్మో, అప్పులోళ్ళు తరుముతాండారా?"

కొన్నాళ్ళకు చీరకు ఐదో కుచ్చి వచ్చింది. పరుగున పోయి అక్కకు చూపించాను. అక్క ఆ కుచ్చిని రెండు వేళ్ళతో పట్టి చూసింది.

"రగతం తీసింది ఎప్పుడే?"

"అప్పుడే తీసినారు గదా."

"మరి ఇప్పుడు పస్తులుంటే ఆ రగతం మారుతాదా? అమ్మేసిన బిందెకు మెరుగు పెడతాండావ్."

నిజమే. నా పాత పొట్ట తాలూకు రక్తం ఎప్పుడో హైదరాబాదు చేరిపోయింది. ఆ సంగతి నాకూ లోపల తెలుసు. తెలిసీ నడిచాను. ఇంకేం చేయాలో తోచలేదు.

రిపోర్టు వచ్చిన రోజు అక్కకు డయాలసిస్ కూడా ఉంది. తనను బయట బల్లమీద కూర్చోబెట్టి, డాక్టరు గది బయట చెప్పులు విడిచి లోపలికి వెళ్ళాను. ఆయన కాగితం చూసి కళ్ళజోడు తీశాడు. మంచిది బాగా తక్కువ. రెండోది ఎక్కువ.

"ఈ ఒక్కటీ చూసి ఎవరూ వద్దనరమ్మా. కానీ గ్లూకోజు పరీక్ష, మీ ఇంటి సుగర్, ఇది, అన్నీ ఒకే మాట చెప్తున్నాయి. మీ కిడ్నీ తీసుకోలేం."

"నాకింకా సుగర్ రాలేదు గదా సార్."

"వచ్చే దారిలో ఉన్నారు."

"కొంచెం టైమియ్యండి. పొట్ట దించుకుని వస్తా. ఇప్పటికే ఒక కుచ్చి పెరిగింది, కావాలంటే సూడండి."

"దించుకోండి, చాలా మంచిది. సుగర్ రాకుండా కూడా పోవచ్చు. కానీ దాని మీద నమ్మకం పెట్టుకుని మీకు కోత పెట్టలేను."

"సెకండ్ సరుకే అనుకోండి సార్. సొట్టబోయిన బిందెలో నీళ్ళు నిలవవా?"

"నిలుస్తాయి. ఇచ్చేసినాక మీకు మిగిలేది కూడా సొట్టదే కదమ్మా. రేపు సుగర్ వచ్చి అదీ పోతే, మీ అక్క పక్క మంచంలో మీరు."

అప్పటికి నా చేతులు వాటంతటవే జోడయ్యాయి. "నాకు వచ్చేది ఎప్పుడో పదేండ్లకు సార్. అన్ని దినాలు మా అక్కకు యాడివి?"

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. చనిపోయినవాళ్ళ నుంచి వచ్చే కిడ్నీ కోసం అక్క పేరు రాయిద్దామని, అది ఎప్పుడొస్తుందో చెప్పలేమని, నెమ్మదిగా అన్నాడు.

లేచాను. బయటికి వచ్చి చెప్పులు తొడుక్కున్నాను. నిదానంగా. ఒక కాలు దూర్చి, తీసి, దులిపి, మళ్ళీ దూర్చాను. చెవులు లోపలే ఉన్నాయి. తలుపు సందులోంచి ఆయన బల్ల కనిపిస్తోంది. పిలుస్తాడు. ఇంత వయసొచ్చినా నన్ను పిలవని అంగడి లేదు.

బెల్లు మోగింది. తర్వాతి పేషెంటు నన్ను తప్పించుకుని లోపలికి పోయాడు. తలుపు మూసుకుంది.

బల్లమీద నుంచి అక్క నా కాళ్ళనే చూస్తోంది. చెప్పులు తొడుక్కున్న తీరులోనే అంతా తెలిసిపోయింది.

"పిల్చలేదా?" అంది.

"లేదు."

"ఒకటే ధర అంగడి మే అది. పిల్చరు."

డయాలసిస్ గదికి పిలుపొచ్చింది. అక్కడా గడప బయటే చెప్పులు విడవాలి. అక్క ఒక చెప్పు విడిచింది. రెండోది విడవకుండా గోడ పట్టుకుని నిలబడింది. కాళ్ళు వాచి ఉన్నాయి, అందుకే ఆలస్యమని నర్సు అనుకుని ఉంటుంది. నేను అంగట్లో పెరిగినదాన్ని, ఆ నిదానం నాకు తెలుసు. పిలవాలి. గడప దాటేలోపు పిలవాలి.

"అక్కా."

వెంటనే తిరిగింది. "ఏందీ?"

నా దగ్గర చెప్పడానికి ఏ ధరా లేదు.

"ఉగ్గుగిన్నె సంచిలోనే ఉంది."

"తెలుసులే" అని రెండో చెప్పు విడిచి లోపలికి పోయింది.

నేను వంగి, తను బయటికి వచ్చేటప్పుడు తొడుక్కోవడానికి వీలుగా, ఆ చెప్పులు రెండూ ఇటువైపు తిప్పి పెట్టాను.