తాగని నాకు తెరిచిన ఫైలు

నేను పుట్టి బుద్ధెరిగాక ఒక్క చుక్క మందు ముట్టలేదండీ. అయినా ఏలూరులో ఒక డీ-అడిక్షన్ సెంటర్లో నా పేరు మీద ఫైలు ఉంది. దాన్ని తెరిపించింది శత్రువులు కాదు, నేనే. ఎలాగో చెబుతాను. నవ్వినా ఏమీ అనుకోను, మా ఆవిడ పద్మ ఇప్పటికీ నవ్వుతూనే ఉంది.

అప్పట్లో నేను ఆ సెంటర్లో కౌన్సెలర్‌గా శిక్షణ పొందుతున్నాను. అత్తయ్యగారు వద్దు వద్దంటున్నా ఎరువుల కొట్లో గుమాస్తా పని మానేసి, రోజూ తాడేపల్లిగూడెంలో రైలెక్కి వచ్చేవాణ్ణి. శిక్షణలో ఉన్నది ఇద్దరమే, నేనూ షమీమ్ గారూ. చివర్లో ఇచ్చే ఉద్యోగం ఒక్కటే.

షమీమ్ గారిది ఏలూరే. నాన్నగారి టైలరింగ్ షాపులో వచ్చేపోయేవాళ్ళ కబుర్లు వింటూ పెరిగిన మనిషి. ఆవిడ ఎదురుగా కూర్చున్నవాడు ఐదు నిమిషాల్లో కన్నీళ్ళు పెట్టుకునేవాడు. నా ఎదురుగా కూర్చున్నవాడు ఐదు నిమిషాల్లో ఆవలించేవాడు. నేను కళ్ళల్లో నిప్పులు పోసుకున్నాను. దాచుకోవడమెందుకు?

"ఏం మంత్రం వేస్తారండీ?" అని అడిగాను ఒకరోజు, పైకి నవ్వుతూ.

"ఏం లేదండీ. ఊరికే వింటాను."

ఊరికే వింటుందట! గోడ కూడా వింటుంది, గోడకి ఉద్యోగం ఇస్తారా?

"పోనీ, మీ ఇంట్లో ఎవరైనా తాగేవారున్నారా?"

"మా అన్నయ్య తాగేవాడండీ. ఇప్పుడు మానేశాడు."

అదీ కిటుకు! ఆవిడకి అన్నయ్య ఉన్నాడు. నాకెవరున్నారు? మా నాన్నగారు కాఫీ కూడా మానేసిన మనిషి. మా వంశంలో ఒక్క తాగుబోతైనా లేకపోయాడే అని రైల్లో ఇంటిదాకా కుమిలిపోయాను.

ఆ వారమే పెదపాడు నుంచి సుబ్బారాయుడు గారని చేపల చెరువుల ఆసామి చికిత్సకి చేరాడు. ఎవరితోనూ పలకడు. మాకు శిక్షణ ఇచ్చే మేడమ్ ఆయన్ని నాకు అప్పగించారు. "మన సంగతులు చెప్పకూడదు, వాళ్ళవి వినాలి" అన్నది ఆవిడ మాకు నేర్పిన మొదటి పాఠం. అది గుర్తుంటే ఈ కథే లేదు.

"తాగేవాడి బాధ మీకేం తెలుసు బాబూ?" అన్నాడాయన గోడకేసి చూస్తూ.

"తెలియకపోవడమేంటండీ? నేను నాలుగేళ్ళు తాగాను!"

ఆయన తల ఇటు తిప్పాడు. "నిజవా?"

"పళ్ళు తోముకోకుండానే మొదలెట్టేవాణ్ణి. పెళ్ళిలో పెట్టిన ఉంగరం కూడా అమ్మేశాను" అన్నాను. ఉంగరం వేలికే ఉంది. చెయ్యి మెల్లగా టేబుల్ కిందికి దింపాను.

ఆయన కళ్ళు చెమర్చాయి. "ఏ ఊరు బాబూ మీది? ఎవరి తాలూకా?"

మన వైపు ఈ ప్రశ్న అడగందే మంచినీళ్ళు కూడా ఇవ్వరు కదండీ! మనిషి పలికాడన్న సంబరంలో ఊరు, వీధి, అత్తిలిలో మామగారి ఇంటిపేరుతో సహా అప్పజెప్పాను.

"అయ్యో, మా తోడల్లుడిది అత్తిలేనండీ!" అని ఆయన గంటసేపు మనసు విప్పి మాట్లాడాడు.

"ఎలా మాట్లాడించారండీ?" అంది షమీమ్ గారు ఆశ్చర్యపోతూ.

"ఊరికే విన్నానండీ" అన్నాను.

ఆదివారం రోగుల కుటుంబాలకి మీటింగు. హాల్లోకి అడుగుపెట్టేసరికి మొదటి వరసలో పద్మ, పక్కన కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అత్తయ్యగారు. సుబ్బారాయుడు గారు సంతోషం పట్టలేక భార్యకి ఫోన్ చేసి చెప్పారట. అక్కణ్ణుంచి అది అత్తిలి వెళ్ళింది.

"ఉంగరం ఏదీ బాబూ?" అంటూ అత్తయ్యగారు నా చెయ్యి లాక్కుని చూశారు. "ఇది గిల్టుదా?"

"ఏవండీ, మన పెళ్ళయి మూడేళ్ళే కదా, నాలుగేళ్ళు ఎప్పుడు తాగారండీ?" అంది పద్మ.

"ఒట్టు పద్మా, నేను తాగలేదు!"

సుబ్బారాయుడు గారు లేచి నా భుజం మీద చెయ్యేశారు. "మొదట్లో అందరం ఇలాగే అంటాం బాబూ. ఒప్పేసుకోండి." హాలంతా తలలూపింది. నేను కాదన్నకొద్దీ వాళ్ళకి నమ్మకం పెరిగింది.

మేడమ్ నన్ను ఎగాదిగా చూశారు. "షమీమ్, వీరిని లోపలికి తీసుకెళ్ళి మాట్లాడండి."

ఎవరి చేతికి చిక్కానో చూశారా! షమీమ్ గారు కొత్త ఫైలు తెరిచి "తాగుడు, నాలుగేళ్ళు" అని రాసి, నా ఎదురుగా కూర్చుని, ఏమీ అడగలేదు. ఊరికే చూస్తూ కూర్చుంది. సరిగ్గా ఐదు నిమిషాలకి నాకు ఏడుపొచ్చేసింది.

"తాగలేదండీ! మిమ్మల్ని చూసి కుళ్ళుకున్నాను. మీ అన్నయ్యని చూసి కూడా కుళ్ళుకున్నాను!"

"ఎన్నాళ్ళ నుంచండీ?"

"మొదటి రోజు నుంచీ."

"రోజుకి ఎన్నిసార్లు?"

"లేచింది మొదలు పడుకునేదాకా."

ఆవిడ "తాగుడు" కొట్టేసి "అసూయ" అని రాసుకుంది.

బయటికొచ్చి సుబ్బారాయుడు గారికి నిజం చెప్పాను. లేచి ఇంటికి పోతాడేమోనని గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను. ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. "తాగకుండానే ఇన్ని అబద్ధాలా బాబూ! తాగి నేను కూడా ఇన్ని ఆడలేదు." ఆ నవ్వుతోనే ఆయన చికిత్స పూర్తయ్యేదాకా ఉండిపోయాడు.

ఉద్యోగం షమీమ్ గారికొచ్చింది. నన్ను మేడమ్ మళ్ళీ మొదటి పాఠం నుంచి చదివించి, మరుసటి ఏడు చేర్చుకున్నారు. ఇప్పుడు షమీమ్ గారూ నేనూ పక్కపక్క గదుల్లోనే పని చేస్తున్నాం.

కాబట్టి అయ్యలారా, అమ్మలారా, మీ అందరి సాక్షిగా, నా వేలికున్న అసలు బంగారపు ఉంగరం మీద ఒట్టేసి చెబుతున్నాను: ఇక జన్మలో ఎవర్నీ చూసి కుళ్ళుకోను. ఈరోజే షమీమ్ గారిని సీనియర్ కౌన్సెలర్ని చేశారు. అందుచేత రేపటి నుంచి.