దక్షిణానికి పడ్డ నీడ

ధవళేశ్వరం దిగువన, కాలువగట్టు పక్కనున్న మా బడిలో చిన్నపిల్లల తరగతి ఇరవై ఏళ్ళు నాదే. ఇసుకలో అక్షరాలు దిద్దించడం, మాసాలు, ఋతువులు, కార్తెలు వల్లె వేయించడం నా పని. ఇరవైయేడు కార్తెలూ ఊపిరి తిప్పుకోకుండా అప్పజెప్పే పిల్లలు ఈ చుట్టుపక్కల మా బడిలోనే ఉన్నారని నాకు గర్వంగా ఉండేది. అలాంటి తరగతిలోకి రాజమండ్రిలో పంతులు చదువు చదివి వచ్చిన ఒక కుర్రపంతుల్ని దింపారు. సగం మంది పిల్లలు అతనికి, సగం మంది నాకు. వానలు మొదలయ్యాక ఇన్‌స్పెక్టరుగారు వచ్చి, తరగతి ఇద్దరిలో ఎవరికి ఉంచాలో తేలుస్తారన్నారు.

అతను వచ్చింది పుష్యమాసంలో. రాగానే బడి ముంగిట మనిషెత్తు వెదురు పాతించాడు. రోజూ సరిగ్గా మిట్టమధ్యాహ్నం దాని నీడ కొస ఎక్కడుంటే అక్కడ పిల్లల చేత ఒక పుల్ల గుచ్చించేవాడు.

"నీడ పొడుగ్గా ఉన్న రోజుల్లో చలేసిందా, ఉక్కపోసిందా?" అని అడిగేవాడు.

"చలేసిందండీ!"

"మరి పొద్దు?"

"బేగా కుంకిపోయిందండీ!"

మాఘం, ఫాల్గుణం గడిచేకొద్దీ పుల్లలు వెదురు దగ్గరికి జరుగుతూ వచ్చాయి. సూర్యుడు నెత్తి మీదికి ఎక్కుతున్నకొద్దీ పగలు పెరుగుతుందనీ, నేల కాగుతుందనీ, ఆ కాగిన నేల మీదికి సముద్రపు గాలి మబ్బుల్ని మోసుకొస్తుందనీ అతను చెబుతుంటే, నా వైపు కూర్చున్న పిల్లలు కూడా మెడలు సాచి వినేవారు. నాకు ఒళ్ళు మండిపోయేది. ఇరవై ఏళ్ళలో నా పాఠానికి ఒక్కడూ మెడ సాచలేదు.

అతని సగంలో మా అమ్మాయి కూడా ఉంది. ఆరేళ్ళది. అన్నం దగ్గర కూర్చుని, "నాన్నా, రేపు పుల్ల గుచ్చే వంతు నాది" అనేది.

"అది ఆట. చదువు కాదు" అని కసిరేవాణ్ణి. అది చిన్నబుచ్చుకునేది. మర్నాడు మళ్ళీ అతని దగ్గరికే పరుగెత్తేది.

ఎండాకాలం సెలవుల్లో కూడా అతను ఊళ్ళోనే ఉండి పుల్లలు గుచ్చించాడు. మృగశిరకార్తె ప్రవేశించి బడి తెరిచిన రోజున నేను ముందుగా వెళ్ళి చూశాను. సెలవుల్లో గుచ్చిన పుల్లలు కొన్ని వెదురుకు దక్షిణం వైపున ఉన్నాయి! నా ప్రాణం లేచొచ్చింది. మధ్యాహ్నపు నీడ ఎప్పుడూ ఉత్తరానికే పడుతుందని నేను ఏళ్ళ తరబడి పిల్లలకు చెబుతున్నాను. నేను లేని సమయంలో పిల్లలు తప్పు గుచ్చారు, ఇతను చూసుకోలేదు అనుకున్నాను. అతనికి చెప్పొచ్చు. చెప్పలేదు. ఇన్‌స్పెక్టరుగారు వచ్చేదాకా ఆ తప్పును పదిలంగా దాచుకున్నాను.

ఆయన వచ్చిన రోజున ఆ పుల్లలు చూపించి, "చిత్తగించండి. నీడ ఏ పక్క పడుతుందో తెలియని చదువు ఇది" అన్నాను. ఇన్‌స్పెక్టరుగారు అతని వైపు తిరిగారు.

"మధ్యాహ్నం కావొస్తోందండి. ఒక్క క్షణం చూద్దామండి" అన్నాడు అతను.

మబ్బు విడింది. వెదురు నీడ జానెడంత, దక్షిణానికి పడింది. నా నీడ కూడా అటే పడింది. ఎండ పూట తాటాకు గొడుగు లేకుండా గడప దిగని మనిషిని నేను. ఆ కార్తెల్లో మధ్యాహ్నం నా నీడ నేను ఏనాడూ చూసుకోలేదు.

"ఇటెందుకు పడిందమ్మా?" అని ఇన్‌స్పెక్టరుగారు ముందున్న పిల్లను అడిగారు. అది మా అమ్మాయి.

"భరణికార్తెలో ఓ రోజు నీడే లేదండి. తర్వాత్నుంచి ఇటేపు పడుతోందండి. సూర్యుడు మనల్ని దాటి ఉత్తరానికి వెళ్ళాడండి. మళ్ళీ వెనక్కొస్తాడంటండి."

నేను తల దించుకున్నాను. ఇక అతను నా పరువు తీస్తాడని నిలబడ్డాను.

"పెద్ద పంతులుగారు కార్తెలు నేర్పబట్టేనండి, ఏ పుల్ల ఎప్పుడు గుచ్చారో వీళ్ళు చెప్పగలుగుతున్నారు. నాకైతే కార్తెలు సగం కూడా రావండి" అన్నాడు అతను.

తరగతి అతనికే ఇచ్చారు. నా సగం పిల్లలు పలకలు పట్టుకుని లేచి అటు వెళ్ళిపోయారు. నన్ను పెద్ద పిల్లల లెక్కలకు వేశారు.

వెదురు మీద, పుల్లల మీద నాకున్న కడుపుమంట ఏడాది తిరిగేసరికి చల్లారింది. కానీ ఆ రోజు నన్ను నిలబెట్టిన ఆ మాట అతని నోట అంత సులువుగా వచ్చింది. అతని స్థానంలో నేనుంటే నా నోట అది వచ్చేది కాదు. ఆ కుళ్ళు మాత్రం ఇప్పటికీ నాలో అలాగే ఉంది.