అక్కయ్య తాగని నీళ్లు

మా అక్కయ్య ఉండేది రేపల్లెలో, నేను తెనాలిలో. మధ్యలో పెద్ద దూరమేమీ లేదు. అయినా ఆవిడ మా ఇంటికి బయల్దేరిందంటే ముందురోజు సాయంత్రం నుంచే నీళ్లు మానేస్తుంది. దారిలో అవసరం పడితే ఎక్కడికి వెళ్లాలి, డ్రైవరుతో ఏమని చెప్పాలి అని బెంగ. మా అమ్మా అంతే, మేనత్తలూ అంతే. బాపట్లలో పెళ్లికి వెళ్లొచ్చినా ఇల్లు చేరాకే చెంబెత్తేవాళ్లు. నేనొక్కదాన్నే ఇంట్లో సిగ్గులేనిదాన్ని. హైస్కూల్లో పాఠాలు చెప్పీ చెప్పీ గొంతు పెంచుకున్నాను కాబట్టి, బస్సు ఆపమని అరవడానికి మొహమాటపడను.

నాలుగేళ్ల కిందట నా కిడ్నీలు రెండూ పాడైతే అక్కయ్య తన ఎడమ కిడ్నీ నాకిచ్చింది. "రెండున్నాయిగా, ఒకటి తీసుకో" అంది, బీరువాలోంచి చీర తీసిచ్చినట్టు. ఆపరేషన్ అయ్యాక డాక్టరు ఇద్దర్నీ కూర్చోబెట్టి మరీ చెప్పాడు, నీళ్లు మాత్రం తగ్గించొద్దని. నేను భయానికి గడియారం చూసుకుని తాగుతాను. ఆవిడా ఇంట్లో ఉన్నంతసేపు బాగానే తాగుతుంది. గడప దాటిందా, మళ్లీ పాత పద్ధతే.

కెన్యా వెళ్దామన్నది మాత్రం ఆవిడే. "బోను లేకుండా సింహాన్ని చూడాలని ఉందే. ఇద్దరం బాగున్నప్పుడే పోదాం" అంది. డాక్టరు నా మందులూ జాగ్రత్తలూ రాసిచ్చి సరేనన్నాక ఒక టూరు బృందంతో బయల్దేరాం. మేం దిగిన లాడ్జిలో గదులన్నీ గుడారాలే. గోడలు గుడ్డవి, లోపల మాత్రం పరుపులూ వేణ్ణీళ్లూ అన్నీ ఉన్నాయి. చలికని దుప్పట్ల కింద వేడినీళ్ల రబ్బరు సంచులు పెడతారు. ఆ సంగతి మాకు తెలియదు. అక్కయ్య కాలు పెట్టీ పెట్టగానే "లోపల ఏదో ఉందే, వెచ్చగా ఉందే!" అని కెవ్వుమని నా మీద పడింది. రెండు రోజులు అదే తలుచుకుని నవ్వుకున్నాం.

మూడో రోజు పొద్దున మిగతావాళ్లు అలిసిపోయి లాడ్జిలో ఉండిపోతే, జంతువుల్ని చూడ్డానికి మేమిద్దరమే జీపెక్కాం. డ్రైవరు నడివయసు మనిషి, నెమ్మదస్తుడు. అక్కయ్యను "మామా" అని పిలిచేవాడు, వాళ్ల భాషలో అమ్మ అని. లాడ్జివాళ్లు చెరొక నీళ్ల సీసా ఇచ్చారు. అక్కయ్య తన సీసా నా సంచిలో పెట్టేసింది. "నాకొద్దులే, నీకు పనికొస్తాయి" అంది. అప్పుడే నేను పోట్లాడాల్సింది. పోట్లాడలేదు. జిరాఫీలను చూస్తూ నా సీసా తాగేశాను, తర్వాత ఆవిడదీ మొదలుపెట్టాను. ఈ మాట రాయడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

పదకొండు దాటాక ఒక వాగు ఒడ్డున జీపు వెనక చక్రాలు నల్లమట్టిలో దిగబడ్డాయి. కాలవల కింద పుట్టిన మాకు ఆ మట్టి సంగతి తెలుసు, చక్రం తిప్పినకొద్దీ ఇంకా లోపలికి లాగుతుంది. డ్రైవరు దిగబోయి, తలుపు మీద చెయ్యి వేసినవాడు వేసినట్టే ఆగిపోయాడు. గడ్డిలోంచి ఒక ఆడసింహం లేచి మా వైపే వస్తోంది. దానికేం తొందర లేదు. జీపు చుట్టూ ఒకసారి తిరిగి, వెనకవైపున్న కాస్త నీడలో పడుకుంది. ఎండవేళ బండి నీడకు రావడం వాటికి అలవాటేనట. చప్పుడు చెయ్యకుండా కూర్చుంటే మన జోలికి రాదని డ్రైవరు ఇంగ్లీషులో గుసగుసగా చెప్పాడు. వైర్‌లెస్‌లో ఇంకో బండిని పిలిచాడు. గంటలో వస్తుందన్నారు.

"మరి నీళ్లు?" అని అడిగాను. తన ఖాళీ సీసా చూపించాడు. పెద్ద క్యాను వెనక డిక్కీలో ఉందట. కిందికి దిగి తలుపు తీస్తే తప్ప అందదు. ఆ తలుపుకు ఆనుకునే సింహం పడుకుని ఉంది.

గంట గడిచింది, బండి రాలేదు. అద్దాలు మూసేసరికి జీపు ఉడికిపోతోంది. "పిక్క పట్టేసిందే" అంది అక్కయ్య మెల్లగా. వంగి నొక్కుతూ మొహం చూశాను. పెదాలు తెల్లగా పగిలిపోయి ఉన్నాయి. పొద్దున్నుంచీ ఒక్కసారైనా బాత్రూముకు వెళ్లావా అని అడిగితే తల అడ్డంగా ఊపింది. నిన్న సాయంత్రం నుంచీ ఏమీ తాగలేదని అప్పుడు చెప్పింది. నాకు కోపంతో ఒళ్లు మండిపోయింది. అరవడానికి లేదు, వెనక సింహం ఉంది.

ఇంకాసేపటికి ఆవిడ సీటుకు తల ఆనించి, కళ్లు సగం మూసి, "భట్టిప్రోలు దాటామా?" అంది.

అది మా ఊరి రైలు దారిలో స్టేషను. ఆవిడ తనెక్కడ ఉన్నదీ మర్చిపోయింది.

సీసాలో అడుగున నాలుగు గుక్కలు మిగిలాయి. మూత తీసి నోటి దగ్గర పెట్టాను. ఆవిడ కళ్లు తెరిచింది, సీసాని పోల్చుకుంది, పళ్లు బిగించింది.

"నువ్వు తాగవే. నీ మందులేసుకునే టైమవుతుంది."

"నీకున్నది ఒక్కటే అక్కయ్యా!"

"నీకు మాత్రం ఎన్నున్నాయేంటి? రెండూ నావేగా. ఏదెండిపోతే ఏంటి?"

నేనెప్పుడూ అలా ఆలోచించలేదు. నాలుగేళ్లుగా ఆవిడిచ్చినదాన్ని ప్రాణంగా చూసుకున్నాను, ఆవిడ దగ్గర మిగిలినదాన్ని మాత్రం గాలికొదిలేశాను. "నువ్వు తాగందే నేనీ రోజుకి మందులు మింగను" అన్నాను. నా మొండితనం ఆవిడకు తెలుసు. ఎత్తుకుని పెంచింది ఆవిడే. ఇక నోరు తెరిచింది. నేను తొందరపడి సీసా ఎత్తేసరికి ఒక గుక్క చీర మీద ఒలికింది. అప్పుడు నన్ను నేను చంపేసుకోవాలనిపించింది.

రెండో బండి వచ్చేసరికి మరో ముప్పావుగంట పట్టింది. దాని చప్పుడికి సింహం లేచి, ఒళ్లు విరుచుకుని, మా వైపు చూడనైనా చూడకుండా వెళ్లిపోయింది. డ్రైవరు అది బాగా దూరం వెళ్లేదాకా ఆగి, ఒక్క ఉదుటున దిగి క్యాను తెచ్చాడు. "కొంచెం కొంచెంగా మామా" అంటూ తనే గ్లాసు పట్టాడు. అక్కయ్య రెండు గ్లాసులు తాగింది. ఎక్కడున్నామో అడిగితే "కెన్యాలో ఉన్నాం, నాకేమన్నా పిచ్చా?" అని కసిరింది. నాకు మాత్రం భయం తీరలేదు. తాగినవి లోపలికి వెళ్లాయి, మరి ఆ ఒక్క కిడ్నీ పని చేస్తోందో లేదో ఎవరు చెప్తారు?

తాడు కట్టి లాగాక లాడ్జికి బయల్దేరాం. ప్రతి పది నిమిషాలకూ ఒక గ్లాసు పోసిచ్చాను, ఆవిడ మారు మాట్లాడకుండా తాగింది. చాలా దూరం వచ్చాక నా మోచెయ్యి పట్టుకుని, చెవిలో, "ఏమే, బండి ఆపమనవే" అంది.

అరవై రెండేళ్లలో ఆవిడ ఏ ప్రయాణంలోనూ అనని మాట. డ్రైవరుకు చెప్పాను. అతను బైనాక్యులర్స్‌తో నాలుగు వైపులా చూసి, జీపు వెనకే, త్వరగా అని చెప్పి, తను అటు తిరిగి నిలబడ్డాడు. నేను శాలువా విప్పి అడ్డం పట్టుకున్నాను. లోపల అక్కయ్య "చూడకే, అటు తిరుగు" అని తిడుతోంది. అటు తిరిగాను. ఆ చప్పుడు ఎంతసేపు వినపడితే అంతసేపూ, శాలువా పట్టుకునే ఏడ్చాను.