పిన్ని వినిపించిన ఇంజను

ఆ రోజుల్లో, డిప్లొమా చేతికొచ్చిన కుర్రాడికి లోకంలోని ప్రతి యంత్రమూ తన చెయ్యి పడటం కోసమే ఎదురుచూస్తున్నట్టు కనిపించేది. డెబ్బయ్యవ దశకం చివర్లో కాకినాడలో మెకానికల్ చదువు ముగించి, ఉద్యోగం వచ్చేలోగా రాజోలు దగ్గర మా బాబాయి ఇంట్లో మకాం వేసిన నాకు ఆయన కారు అచ్చంగా అలాగే కనిపించింది. అది వయసులో నాకంటే పెద్దది. దాన్ని పెళ్ళిళ్ళకీ ఆస్పత్రి ప్రయాణాలకీ కిరాయికి తిప్పుతూ బాబాయి సంసారం ఈదుకొచ్చేవాడు. ఆ రోజు మధ్యాహ్నం పక్క ఊరి కొత్త దంపతుల్ని అంతర్వేది తీసుకెళ్ళాలి. పొద్దున్నే ఆయన టైరు కోసం అమలాపురం బస్సెక్కుతూ, "బండి కడిగి ఉంచరా. బానెట్టు మాత్రం ఎత్తకు," అన్నాడు. (ఆ రెండో మాట అనకపోతే నాకు ఆ ఆలోచనే వచ్చేది కాదని ఇప్పటికీ నా వాదన.)

కడగడం అయ్యాక స్టార్టు చేస్తే ఇంజను కాస్త గరగరలాడింది. అంతే, నాలోని ఇంజనీరు నిద్రలేచాడు. పెట్రోలునీ గాలినీ తగుపాళ్ళలో కలిపే కార్బురేటరుకి రెండు స్క్రూలుంటాయి, ఒకటి వేగానికి, ఒకటి ఆ పాళ్ళకి. ఇంజను ఇంకా చల్లగానే ఉంది, చల్లటి ఇంజనుకి పెట్రోలు ఎక్కువ అందించే చోకు లాగి ఉండగానే రెండూ తిప్పేశాను. కాసేపు బ్రహ్మాండంగా నడిచింది. చోకు నొక్కేయగానే ఠప్పున ఆగిపోయింది. భయపడి స్క్రూ ఎదురు తిప్పి మళ్ళీ స్టార్టు చేస్తే నల్లటి పొగ చిమ్మి, పేలినట్టు ఢామ్మంది. కొబ్బరిచెట్టు మీద కాయల దింపు తీస్తున్నాయన, "ఏవైందండీ బాబూ?" అని పైనుంచి కేకేశాడు. సరిగ్గా అప్పుడే పెళ్ళివారి తాలూకు పెద్దాయన సైకిలు దిగాడు. "బండి సిద్ధమేనాండీ? మూడింటికి వర్జ్యం వచ్చేస్తుందండి, రెండున్నరకే కదలాలండి." "ఆయ్, సిద్ధమేనండి," అన్నాను. ఆయన మసిపట్టిన నా మొహాన్నీ పొగనీ మార్చి మార్చి చూసి, మళ్ళీ సైకిలెక్కాడు. బాబాయి మాట పోతే ఆ చుట్టుపక్కల ఇంకెవరూ ఆయన్ని కిరాయికి పిలవరు.

వంటింటి కిటికీలోంచి పిన్ని గొంతు వినబడింది. "చల్లగా ఉన్నప్పుడు ముట్టుకున్నావేంట్రా? మీ బాబాయి ముందు కాలవ లాకుల దాకా తిప్పుకొస్తారు, ఆ తరవాతే ముట్టుకుంటారు. కాసేపు దాన్ని నడవనీ." పిన్ని ఎన్నడూ ఆ కారు స్టీరింగు పట్టుకున్న మనిషి కాదు. అయినా చోకు కొంచెం లాగి పావుగంట నడవనిచ్చి, తరవాత చోకు నొక్కేసి స్క్రూ పట్టుకున్నాను. "ఇప్పుడు తిప్పు. నెమ్మదిగా. ఆఁ, ఎక్కువైంది, వెనక్కి రా." ఆవిడ వంకాయలు తరుగుతూనే ఉంది, తల కూడా ఎత్తడం లేదు. "బాగానే ఉంది గానీ, ప్రతి నాలుగోసారీ తడబడుతోంది చూడు." నేను బానెట్టులో తల దూర్చి విన్నా నాకేమీ వినబడలేదు. (మార్కులు మాత్రం ఫస్టుక్లాసు.) "ఒక్క పిసరు లోపలికి... చాలు, చెయ్యి తీసెయ్."

చెయ్యి తీశాను. చేత్తో తాకితేగాని నడుస్తోందని తెలియనంత మెత్తగా ఉంది ఇంజను. కత్తిపీట ముందు కూర్చున్న ఆవిడని మొదటిసారి చూస్తున్నట్టు చూస్తూ, "ఎలా తెలిసింది పిన్నీ?" అన్నాను.

"బండి గట్టు మలుపు తిరుగుతుంటేనే తెలిసిపోద్దిరా. మీ బాబాయి ఆకలితో వస్తున్నారో, ఎవరితోనైనా గొడవపడి వస్తున్నారో కూడా. లేకపోతే రోజూ వేడన్నం ఎలా పెడుతున్నాననుకున్నావ్?"

మధ్యాహ్నం బాబాయి వచ్చి స్టార్టు చేసి, చెవి ఒగ్గి విని, నా వైపు తిరిగాడు. "బానెట్టు ఎత్తేవా?" నేను స్క్రూడ్రైవరు వీపు వెనక్కి దాచాను. "కడగమన్నారు, కడిగేడు. వర్జ్యం వచ్చేస్తుంది, బయల్దేరండి," అంది పిన్ని. కారు చప్పుడు లేకుండా గట్టెక్కి వెళ్ళిపోయింది.

రెండు నెలల తరవాత ఉద్యోగం ఇంటర్వ్యూలో కార్బురేటరు గురించే అడిగారు. ఇంజను వేడెక్కాకే ముట్టుకోవాలనీ, ప్రతి నాలుగో చప్పుడుకీ చెవి పెట్టాలనీ గడగడా చెప్పాను. ఒకాయన ముచ్చటపడి, "ఎవరి దగ్గర నేర్చుకున్నావు?" అన్నాడు. "సొంత అనుభవం సార్," అన్నాను, కనురెప్పయినా వాల్చకుండా. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని అంత నిబ్బరంగా అబద్ధమాడిన ఆ కుర్రాణ్ణి నాలుగు చివాట్లు పెట్టాలని ఇప్పటికీ అనిపిస్తుంది. ఈలోగా నవ్వొచ్చేస్తుంది. వాడికి ఆ ఉద్యోగం చాలా అవసరం, పాపం.