నంబరు బిళ్లలు

పరిశోధనశాల పశువుల పాకలో పనిచేసే పెద్దాయన ఒక చేత్తో గడ్డి వేస్తూ, రెండో చేత్తో ఏదో ఒక దూడ గంగడోలు నిమురుతూనే ఉంటాడు. ఒకే ఆవు కణాల నుంచి పుట్టించిన మూడు దూడలవి, అచ్చు గుద్దినట్టుంటాయి. ఆయనకి మాత్రం ఒకటి మారాణి, ఒకటి పిరికిది, ఒకటి దొంగది. చెవులు పుండ్లు పడుతున్నాయని నంబరు బిళ్లలు తీసి జేబులో వేసుకున్నాడు. వాటిని మళ్లీ తగిలించమని వచ్చిన మెమోని మడిచి, అరిగిన చెప్పులో పెట్టుకు తిరుగుతున్నాడు.

మనుషుల్ని కూడా ఇలా పుట్టించవచ్చా అని తేల్చే సంఘం ఒకరోజు పాక చూడ్డానికొచ్చింది. "నకలు మనిషికి సొంత బుద్ధంటూ ఏముంటుందండీ? ఇదిగో, ఒకదాన్ని చూస్తే మూడింటినీ చూసినట్టే," అంటూ అధ్యక్షుడు గడ్డి చాపాడు. మారాణి మొహం తిప్పుకుంది. పిరికిది గోడకి నక్కింది. దొంగది గడ్డి జోలికే పోకుండా అధ్యక్షుడి చంకలోని నివేదికని లాక్కుని, నమిలి మింగేసి, గబుక్కున మిగతా రెంటి మధ్యలో దూరిపోయింది. "కాగితాలు తిన్నదాన్ని ఇవాళే కబేళాకి తోలించేస్తా! ఏదయ్యా అది?" అని సంఘం వెంట వచ్చిన పరిశోధనశాల డైరెక్టరు అరిచాడు. పెద్దాయన జేబు మీద చెయ్యేసుకుని నింపాదిగా అన్నాడు: "ఒకదాన్ని చూస్తే మూడూ చూసినట్టేనన్నారుగా సారూ! మీరే పోల్చుకోండి."