పంటితో తెంపిన కుట్లు

దేవునికి స్తోత్రం. మసి బట్టల్లో ఉన్న మనిషినీ ఆయన చూస్తాడు.

బెల్లంపల్లి సంఘంలో మాకు కుట్టుపని నేర్పిన పెద్దమ్మ దారాన్ని పంటితో తెంపి, పోగును పక్కకు ఉమ్మేది. తలచుకుంటే ఇప్పటికీ వెగటు పుడుతుంది.

బొగ్గుబావిలో భర్తను పోగొట్టుకున్న ఒక చెల్లి, ఆయన పని చొక్కా ముక్కలతో, గుండీలతో రొట్టె, ద్రాక్షారసం ఉంచే ప్రభువు బల్ల గుడ్డ మీద సిలువ కుట్టి తెచ్చింది.

"గీ మసిగుడ్డ దేవుని ముందట పరుస్తమా బిడ్డా?" అంటూ పెద్దమ్మ ఆ కుట్లను పంటితో ఊడదీసింది.

"మస్తుసార్లు ఉతికిన పెద్దమ్మా. గా మసి ఇగ పోదు," అన్నది చెల్లి.

పెద్దమ్మ నోట్లోని పోగు ఉమ్మేసి ప్రార్థన మొదలుపెట్టింది. చెల్లి మోకాళ్ల మీద వంగి, కింద రాలిన గుండీలు ఏరుకుంటుంటే, నేను అందరితోపాటు ఆమేన్ అన్నాను.

ఆ ఆమేన్ మీదే నాకు ఎక్కువ అసహ్యం. దాన్ని ప్రభువు క్షమించాలని నాతో కలిసి ప్రార్థించండి.