పడనోడే చాంపియనంట

ముందుగా చదివేవాళ్ళకి ఒక మాట. ఇది రాస్తున్న పిల్ల నా మనవరాలు, కూతురి కూతురు. నేను చెప్తుంటే రాస్తుంది, మధ్యమధ్యలో "ఇది వద్దమ్మమ్మా" అంటుంది. వద్దన్నదాన్నే ముందు రాయమంటాను. జరిగింది దాని సంగతే కాబట్టి "నువ్వు" అన్నచోటల్లా దాన్నే అంటున్నానని తెలుసుకోండి. మీ నాన్న అంటే మా అల్లుడు.

మీ నాన్నకి ఆదివారమంటే బాక్సింగు. పొద్దున చర్చికి పోయి, ఆరాధనలో అందరికంటే గట్టిగా పాట పాడి, ఇంటికొచ్చి చొక్కా కొక్కేనికి తగిలించి అరుగు మీద కూర్చుంటాడు. పక్కన నీళ్ళ చెంబు పెట్టుకుంటాడు. పది నిమిషాలకల్లా మా తమ్ముడు దిగి, తన ఫోనుని ఆ చెంబుకి ఆనించి పెడతాడు. వాడు బళ్ళో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. ఇద్దరికీ ఒకటే తగువు. హెవీవెయిట్ చాంపియన్లలో ఎవడు అందరికంటే గొప్ప? పదేళ్ళుగా తెగలేదు. మాచర్లలో పొలం గట్ల తగువులు కోర్టుకెక్కి తీర్పులు కూడా వచ్చేశాయి గానీ వీళ్ళది తెగలేదు.

ఆ చాంపియన్ల పేర్లు నాకు నోరు తిరగవు. తిరిగినా ఈ కాగితం మీద పెట్టించను. నేను పెట్టుకున్న పేర్లు నాకున్నాయి: ఒకడు గంతులోడు, ఒకడు బండమెడోడు. మిగతావాళ్ళంతా దున్నపోతులే.

ఎప్పుడైనా ఆ ఫోనులోకి సరిగ్గా చూశారా? ఒకడి మూతి మీద గుద్దు పడుతుంది. మామూలుగా చూపిస్తే వీళ్ళకి చాలదు, దాన్నే నెమ్మదిగా తిప్పి మళ్ళీ చూపిస్తారు. బుగ్గ మొత్తం మెత్తటి పిండిలాగా ఒక పక్కకి జారుతుంది. చొంగ, చెమట, నెత్తురు కలిసి చినుకుల్లాగా లేస్తాయి. మా తమ్ముడు సరిగ్గా అక్కడ ఆపి, రెండు వేళ్ళతో పెద్దది చేసి చూపిస్తాడు. అవే వేళ్ళతో పకోడీ తీసి నోట్లో వేసుకుంటాడు. నేను మొహం తిప్పుకునేదాన్ని. ఆ పకోడీలు వేయించి ఇచ్చేది మాత్రం నేనే. పదేళ్ళు వేయించాను. అది తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే రోత.

నీ సంగతి బయటపడ్డ ఆ ఆదివారం కూడా అదే పాట.

"గంతులోడే మొనగాడురా అల్లుడా," అన్నాడు మా తమ్ముడు. "తగలనిస్తేగా ఎవడికన్నా! వాణ్ణి గుద్దటం, గాలిని గుద్దటం ఒకటే."

"తప్పించుకు తిరగటానికి మొగోడెందుకు మామా, ఎలక చాలు," అన్నాడు మీ నాన్న. "బండమెడోణ్ణి చూడు. కన్ను మూసకపోయినా ఆఖరి రౌండు దాకా నిలబడ్డాడు. పడలా. ఎన్ని తిన్నా పడనోడే చాంపియను."

నేను గడప లోపల చిక్కుడుకాయలు ఈనె తీస్తున్నాను. నోరు ఊరుకోలేదు.

"అంత నిలబడ్డోడికి ఇప్పుడు తన పేరు తనకి గుర్తుందంటనా?"

"నువ్వూరుకో అత్తా. బాక్సింగు గురించి నీకేం తెలుసు?"

నాకేం తెలుసో చెప్తాను. పెళ్ళయిన కాడ్నించి ఇరవై ఏళ్ళు నాపరాయి క్వారీలో పని చేశాను. బండల్ని సుత్తితో కొట్టి చూసి వేరుచేసే పని. మంచి బండని చిన్న సుత్తితో తడితే ఖంగుమంటుంది. లోపల నెర్ర ఉన్నది డబ్బుమంటుంది, పగిలిన కుండ మాదిరి. పైకి రెండూ ఒకటే. నున్నగా, నల్లగా, చూడముచ్చటగా ఉంటాయి. కంటితో చూసి చెప్పగలిగినవాడు ఇంతవరకూ పుట్టలేదు. మీ నాన్న సొంత లారీలో తోలేది ఆ బండలే. కూలీల మీద వదలడు, ఒక్కొక్కటీ తనే తట్టి, చెవి ఒగ్గి విని లోడు ఎక్కిస్తాడు. వంద బండల్లో ఒకటి డబ్బుమన్నా పట్టేస్తాడు. ఆ చెవి మెచ్చుకునే మా అమ్మాయిని ఇచ్చాను.

నీ సంగతికి వద్దాం. నీకు ఆరేళ్ళప్పుడే ఆ చాంపియన్లందర్నీ వరసగా వల్లె వేయించాడు మీ నాన్న. బైబిలు వచనాలకంటే అవే ముందొచ్చాయి నీకు. ఇంటికి ఎవరొచ్చినా "ఏమ్మా, వరసగా చెప్పు" అనేవాడు. నువ్వు రాగం తీసి చెప్తుంటే మురిసిపోయేవాడు. పొడుగ్గా, దిట్టంగా పెరిగావు. డిగ్రీకి నరసరావుపేట పోయి హాస్టల్లో చేరాక నీ చేతికి గ్లౌజులు తొడిగారు. మొదటి పతకం తెచ్చినరోజు వీధంతా మైసూరుపాకు పంచింది నేనే. అదీ రాయి.

ఆ ఆదివారం తర్వాతి శనివారం గుంటూరులో బాక్సింగు సెలెక్షన్లు అన్నారు. దానికి వారం ముందు, శనివారం సాయంత్రం నువ్వు ఇంటికొచ్చావు. రాగానే కిటికీ తెర లాగి పడుకున్నావు. కూడు సగం వదిలేశావు. బీపీ మాత్ర వేసుకున్నావా అమ్మమ్మా అని నన్ను మూడుసార్లు అడిగావు. ప్రేమ అనుకున్నాను. మర్నాడు చర్చిలో స్తంభానికి ఆనుకుని కళ్ళు మూసుకున్నావు. ప్రార్థన అనుకున్నాను. చూడు నా తెలివి.

అరుగు మీద తగువు ముదిరింది. గంతులోడి కాళ్ళ గురించి మా తమ్ముడు డ్రిల్లు మాస్టారులాగా లేచి నిలబడి ఆడి చూపిస్తున్నాడు. మీ నాన్న చేయి అడ్డం ఊపాడు.

"అయ్యన్నీ కాదు మామా. ఇప్పుడు మన పిల్లనే చూడు. బుధవారం ప్రాక్టీసులో కణత మీద ఎంత గట్టిగా తగిలిందో కోచ్ చెప్పాడు. వేరే పిల్లయితే స్ట్రెచరే. ఇది పడలా. నిలబడే ఉంది. అదీ రక్తమంటే!"

చేతిలో చిక్కుడుకాయ అట్లాగే ఆగిపోయింది. తెలుసన్నమాట. తెలిసి, పకోడీ నములుతూ, గొప్పగా చెప్పుకుంటున్నాడు. నీకోసం చూశాను. లోపల లేవు.

దొడ్లో బట్టలుతికే బండ దగ్గర వంగి వాంతి చేసుకుంటున్నావు.

"ఎప్పటి నించే?"

"ఇయ్యాలే."

"నా కళ్ళలోకి చూసి చెప్పు."

"బుధవారం నించి. ఎండ చూస్తే తల పగిలిపోతంది. నాన్నకి చెప్పబాక అమ్మమ్మా."

"ఎందుకు చెప్పగూడదంట?"

"చెబితే పడ్డట్టే గదా."

పందొమ్మిదేళ్ళ పిల్ల అనాల్సిన మాటేనా అది? ఆ అరుగు మీద కూర్చుని కూర్చుని ఆ ఇద్దరు మగవాళ్ళు నీ చెవిలో పోసిన పెంట అది. నీ మొహం కడిగి, పమిటతో తుడిచి, సరాసరి వాళ్ళ ముందుకొచ్చి నిలబడ్డాను.

"అల్లుడా, మోగని బండని లారీ ఎక్కిస్తావా?"

"ఎందుకెక్కిస్తానత్తా? వినుకొండ దాటకముందే రెండు ముక్కలైద్ది."

"మరి శనివారం పిల్లని గుంటూరు బస్సు ఎక్కిస్తన్నావు గదా. తట్టి చూశావా?"

మీ నాన్న నవ్వాడు. "దానికేమైంది, దుక్కలాగుంటే! ఏమ్మా, ఇట్రా. మీ అమ్మమ్మ నోరు మూయించు. చాంపియన్లు వరసగా చెప్పు."

నువ్వు తువ్వాలుతో మొహం ఒత్తుకుంటూ గుమ్మంలో నిలబడ్డావు. మొదటివాడి పేరు టక్కున చెప్పావు. రెండోవాడు, మూడోవాడు, నాలుగోవాడు. అక్కడ ఆగావు. గోడమీద బల్లి ఉన్నట్టు అటే చూశావు. మళ్ళీ మొదటివాడి పేరు చెప్పావు. రెండోవాడు. వెనక్కి పోతున్నానన్న సంగతి నీకు తెలియట్లేదు.

మా తమ్ముడు తొడమీద చరుచుకున్నాడు. "చూడరా అల్లుడా, ఎట్టా ఏడిపిస్తందో మనల్ని! మళ్ళా మొదటికొచ్చింది!"

మీ నాన్న నవ్వలేదు. మెల్లగా అడిగాడు: "ఇప్పుడే చెప్పావు గదమ్మా ఆయన్ని?"

"ఎప్పుడు?" అన్నావు నువ్వు.

మీ నాన్న అప్పటి మొహం నేను క్వారీలో ఎన్నోసార్లు చూశాను, చెవి బండకి దగ్గరగా పెట్టి సుత్తి ఆపేసినప్పటి మొహం. లేచి చొక్కా అందుకున్నాడు. బొత్తాలు ఒకటి విడిచి ఒకటి పెట్టుకున్నాడు. మీ అమ్మ వంటింట్లోంచి గరిటెతో సహా పరుగెత్తుకొచ్చి "ఏందండీ, ఏమైంది?" అంటుంటే చెప్పుల కోసం వెతుకుతున్నాడు. ఆ గందరగోళంలో కూడా ఫోనులో జనం హోరుమంటున్నారు. మా తమ్ముడి కళ్ళు అటే ఉన్నాయి.

"అదిగో, పడ్డాడు!" అన్నాడు.

ఛీ. నా తోడబుట్టినవాడు. ఆ చెంబులో నీళ్ళు వాడి ఫోను మీద గుమ్మరించాను. ఈ మాట రాయొద్దంటున్నావు గానీ రాయి, వాడు చదువుకోవాలి.

ఆదివారం మాచర్లలో డాక్టరు దొరకలేదు. నిన్ను కారు మాట్లాడుకుని నరసరావుపేట తీసుకుపోయాం. దారిపొడుగునా నీ తల నా ఒళ్ళో. స్కాను తీశారు. లోపల నెత్తురు కారలేదు గానీ మెదడుకి గట్టి కుదుపు తగిలిందని, ఇది మానకముందే ఇంకో దెబ్బ పడి ఉంటే పిల్ల దక్కేది కాదని చెప్పాడు డాక్టరు. మూడు నెలలు రింగు దిక్కు చూడొద్దు, ఆ తర్వాత మళ్ళీ చూస్తానన్నాడు. మీ నాన్న ఆ మాటలు నిలబడి వినలేక బల్ల మీద కూలబడ్డాడు.

నువ్వు మాత్రం నాతో నాలుగు రోజులు మాట్లాడలేదు. "నీవల్లే" అన్న ఒక్క మాట తప్ప. అనుకో. నేను బాధపడలేదు. నా మీద కోపగించుకునే పిల్ల ఉంది గదా అనుకున్నాను.

శనివారం పొద్దున కోచ్ ఫోను. మీ నాన్న అరుగు మీద టీ తాగుతూ స్పీకరు పెట్టాడు. నువ్వు తలుపు వెనక నిలబడి వింటున్నావు.

"మన పిల్ల వెయిట్‌లో ఇద్దరే పిల్లలున్నారండీ. ఒక్క రౌండు నిలబడితే చాలు, సెలెక్టయినట్టే."

"రాదు సార్."

"జ్వరమా?"

"జ్వరం కాదు. దెబ్బకి పడిపోయింది."

"అదేందండీ, ఆ రోజు పడలేదు గదా. నేను పక్కనే ఉన్నా."

మీ నాన్న టీ గ్లాసు కింద పెట్టాడు. "పడింది సార్. మీకూ కనబడలా, నాకూ కనబడలా. పడిందనే రాసుకోండి."

ఫోను పెట్టేశాక నువ్వు బయటికొచ్చి ఆయన పక్కన కూర్చున్నావు. ఆయన టీ గ్లాసు నీకిచ్చాడు, నువ్వు మిగిలింది తాగావు.

అప్పుడే వీధి మలుపులో మా తమ్ముడు కనిపించాడు. ఆదివారం దాకా కూడా ఆగలేకపోయాడు. చేతిలో కొత్త ఫోను, దూరం నుంచే చెయ్యెత్తి ఊపుతున్నాడు, "అల్లుడా, గంతులోడిది ఇంకొకటి దొరికిందిరా!" అంటూ.

నేను లేచి వెళ్ళి గేటు గడియ పెట్టాను.